కెనడాలోని థండర్ బేలో సద్దుల బతుకమ్మ 2026: తేదీ, పూలు, రాకపోకల ఏర్పాట్లు

కార్యక్రమ సమన్వయకర్త:

సభ్యులందరికీ నమస్కారం. ఈ సంవత్సరం జ్యేష్ఠం అధికమాసంగా వచ్చినందువల్ల, నిరుడు సెప్టెంబరు 21నే వచ్చిన ఎంగిలిపూల బతుకమ్మ ఈసారి అక్టోబరు 10, శనివారం నాడు వస్తున్నది. అక్కడి నుండి లెక్కిస్తే తొమ్మిదో రోజు, అంటే సద్దుల బతుకమ్మ, 18, ఆదివారం. థాంక్స్‌గివింగ్ సెలవులు కలిసి వస్తున్నందున 10నే జరుపుదామని కొందరు సూచించారు గానీ, నేను 18 వైపే మొగ్గు చూపుతున్నాను. ఆ సెలవుల్లో పాత కుటుంబాలు టొరంటోకో విన్నిపెగ్‌కో వెళ్లిపోతాయి. వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో, హోటళ్లలో షిఫ్టులు చేసే కొత్తవారికేమో సరిగ్గా ఆ రోజుల్లోనే డ్యూటీలు పడతాయి. 2019లో మొదలైన గ్రామీణ, ఉత్తర ప్రాంత వలస పథకం ద్వారా, ఆ తరువాత 2025లో వచ్చిన పథకం ద్వారా ఇక్కడికి చేరిన కుటుంబాలకు స్థానిక యజమాని ఇచ్చిన ఉద్యోగమే ఆధారం కనుక, పండుగ ఉన్నది, సెలవు ఇవ్వండి అని అడగడానికి వారు సంకోచించడం సహజమే. మనం తేదీని వారి వీలును బట్టి నిర్ణయించాలి తప్ప, నిర్ణయించిన తరువాత వారిని పిలవడం మర్యాద అనిపించుకోదు.

అసలు చిక్కు పూలతో ఉన్నది. ఇక్కడ సెప్టెంబరులోనే గడ్డమంచు మొదలవుతుంది. ఒక్క రాత్రి మంచు పడితే పెరట్లోని బంతి నల్లబడి వేలాడిపోతుంది. అందుచేత బంతి వేసినవారు కనీసం కొన్ని మొక్కలనైనా ఇప్పుడే కుండీల్లోకి మార్చి, చలి రాత్రులలో గ్యారేజీలోకి చేర్చగలరు. గునుగుకు దగ్గరి పూలు నర్సరీల్లో సెలోషియా పేరుతో దొరుకుతాయి. వాటిని మంచు పడకముందే కోసి, తలకిందులుగా కట్టి నీడలో ఆరబెడితే రంగు నిలుస్తుంది, ఆరిన తరువాత అద్దకం కూడా చక్కగా పడుతుంది. చామంతి గురించి దిగులు అవసరం లేదు. అది కొద్దిపాటి మంచుకు తట్టుకుంటుంది, అక్టోబరులో ప్రతి కిరాణా దుకాణం ముందూ కుండీలతో సహా అమ్ముతారు. తంగేడుకు బదులు రోడ్ల పక్కన పసుపుపచ్చగా పూసే గోల్డెన్‌రాడ్‌ను, పూర్తిగా విచ్చుకోకముందే కోసి ఆరబెట్టాలని నా ఆలోచన. స్లీపింగ్ జెయింట్ పార్కు వైపు విహారానికి వెళ్లినప్పుడు మాత్రం కోయకండి. ప్రొవిన్షియల్ పార్కుల్లో మొక్కలను కోయడం నిషేధం.

హనుమకొండ నుండి ఒక సభ్యురాలు:

అక్కా, నేను సెప్టెంబరు చివరి వరకు ఇక్కడే ఉంటాను. గోల్డెన్‌రాడ్ సంగతి మా అమ్మకు చెప్పాను. తంగేడు లేనిది బతుకమ్మ ఎట్లయితదని మొదట కోప్పడింది; ఫోటో చూపించిన తరువాత, అడుగు వరుసలో కనిపించకుండా పెట్టుకోండని కాస్త మెత్తబడింది. పచ్చి పూలు, ఆకులు, విత్తనాలు తెమ్మని దయచేసి ఎవరూ అడగవద్దు, కెనడా సరిహద్దులో వాటితో తలనొప్పి. రెండు ఇత్తడి తాంబాళాలు, పసుపు, కుంకుమ తెస్తాను.

ఇంకొక మాట. ఇక్కడ పద్మాక్షి గుట్ట దగ్గర గుండంలో బతుకమ్మలను వదలడం చూసి పెరిగినవాళ్లం కనుక, నీళ్లు లేకుండా పండుగ ముగించడం మా తరం వాళ్లకు కష్టంగానే ఉంటుంది. దానికి ఏమి ఆలోచించారు?

కొత్తగా చేరిన ఒక సభ్యురాలు:

నమస్కారం. మేము పరకాల నుండి ఫిబ్రవరిలో వచ్చాము. మాకు ఇంకా కారు లేదు, ఆదివారం సిటీ బస్సులు తక్కువ. మా వారికి ఆ రోజు నాలుగింటి వరకు డ్యూటీ. పిల్లలిద్దరితో, ఒక చేతిలో బతుకమ్మతో బస్సు ఎక్కడం సాధ్యం కాదు. అయితే నాకు పాటలు వస్తాయి, పేర్చడం వస్తుంది. ఆ పని ఏదైనా ఇవ్వండి, ఉత్తగా వచ్చి తిని వెళ్లడం నాకు ఇష్టం లేదు.

వంటల బాధ్యుడు:

చింతపండు పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, పెరుగు సద్ది, మలీద అనుకున్నాము. పల్లి సత్తును వేరే బల్ల మీద, పేరు రాసి పెట్టాలి. బడి పిల్లల్లో పల్లీలు పడనివారు ఉంటారు. బయటివారిని కూడా పిలుస్తున్నాము కనుక ఆరోగ్య విభాగం వారిని ముందుగానే సంప్రదిస్తాను.

కార్యక్రమ సమన్వయకర్త:

పరకాల చెల్లెలికి: పాట ఎత్తుకునే బాధ్యత మీదే. మిమ్మల్ని, పిల్లలను ఉదయం పది గంటలకే కారులో తీసుకువచ్చే ఏర్పాటు చేస్తాను, పేర్చడం అందరమూ హాలులోనే చేద్దాము. ఇంటి దగ్గర ఒంటరిగా పేర్చుకొని రావడం కంటే, రెండు కుటుంబాల మధ్య ఒక తాంబాళం పెడితే కొత్తవారికి పరిచయాలు అవే కలుస్తాయి. లేక్‌హెడ్ విశ్వవిద్యాలయం, కాన్ఫెడరేషన్ కళాశాల విద్యార్థులను తీసుకురావడానికి కూడా కార్లు కావాలి. డ్యూటీ ముగించుకొని వచ్చేవారికోసం ఆట అయిదింటికి మొదలుపెడదాము. పొద్దు సుమారు ఏడింటికి గూకుతుంది కాబట్టి తొందర లేదు.

నీళ్ల విషయం: అక్టోబరు గాలిలో, తడి రాళ్ల మీద, చీరలతో సుపీరియర్ సరస్సు ఒడ్డుకు దిగడం పెద్దవాళ్లకు ప్రమాదం. అందుకని హాలులోనే పెద్ద తొట్టిలో నీళ్లు నింపుతాము. గౌరమ్మను తీసి పసుపును పుస్తెలకు రాసుకున్న తరువాత, బతుకమ్మలను అందులో వదిలి, పూలను మరునాడు ఎరువు గుంతలో వేద్దాము. హనుమకొండ అమ్మగారికి ఇది నచ్చకపోవచ్చు, నా తరఫున మీరే సర్దిచెప్పండి.

మందపాటి కోట్లు, బూట్లు పెట్టడానికి ద్వారం దగ్గర ఇద్దరు ఉండాలి. నిరుడు ఒకే రకం నల్ల బూట్లు తారుమారై సగం గంట వెతుకులాట అయ్యింది. ఈసారి జతకొక చీటీ కడతాము. దీపాలు వెలిగించే ముందు హాలు వారి అనుమతి తీసుకోవడం, పొగ అలారం ఎక్కడున్నదో చూసుకోవడం నేను చేస్తాను. కారు ఇవ్వగలిగినవారు ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నాయో, ఏ ప్రాంతం నుండి బయలుదేరుతారో ఈ వారంలోపు ఇక్కడే రాయండి.