కలుషిత నగరాల గాలిలో కొత్త ఏరోసాల్ కణాలు ఎలా నిలదొక్కుకుంటాయి?

సల్ఫ్యూరిక్ ఆమ్లపు ఆవిరి అణువులు అమ్మోనియా లేదా అమీన్ల (అమ్మోనియాను పోలిన సేంద్రియ క్షారాల) తోడుతో గుంపులుగా చేరి, గాలిలో తేలే 1 నుంచి 2 నానోమీటర్ల ఏరోసాల్ కణాలుగా మారతాయన్నంత వరకు నాకు అర్థమైంది. అమీన్ల పాత్రను యూరప్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రంలో, గదిలో గాలిని నియంత్రించి కణాల పుట్టుకను పరిశీలించే క్లౌడ్ ప్రయోగం 2013లోనే చూపింది. అయితే అంత చిన్న గుంపు, గాలిలో అప్పటికే ఉన్న పెద్ద కణాలకు అంటుకుని మాయం కాకముందే పెరగాలి. పైగా దాని ఉపరితల వక్రత ఎక్కువ కాబట్టి అణువులు తిరిగి ఆవిరైపోవడమూ సులభమే. ఈ లెక్కన, అలాంటి పెద్ద కణాలు ఎక్కువగా ఉండే పొగ నిండిన నగరాల్లో కొత్త కణాలు పుట్టడమే అరుదు కావాలి, కానీ బీజింగ్ వంటి చోట్ల అవి తరచుగా పుడుతున్నట్లు కొలతలు చెబుతున్నాయి, నన్ను తికమక పెడుతున్నది ఇదే. అమీన్ల వల్ల గుంపులు విడిపోవడం దాదాపు ఆగిపోవడమే ఇందుకు ముఖ్య కారణమా, లేక సేంద్రియ ఆవిరులు, నైట్రిక్ ఆమ్లం చేరి పెరుగుదల వేగాన్ని హెచ్చించడమా? ఈ రెండింటి వాటాను విడదీసి చూపే కొలత పద్ధతి ఏదైనా ఉంటే, తెలిసినవారు దయచేసి వివరించగలరు.