హెర్2 దగ్గర 2+ అని వచ్చింది, మళ్ళీ ముక్క తీస్తారా?

ప్రశ్న (కావలి):
అమ్మకు 58 ఏళ్లు. రొమ్ములో గడ్డ ఉంటే నెల్లూరులో సూదితో ముక్క తీసి పంపారు. క్యాన్సర్ అని తేలింది. ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ పరీక్షలు పాజిటివ్. హెర్2 అనే ప్రోటీన్ పరీక్ష దగ్గర మాత్రం 2+ అని రాసి, ఫిష్ అనే జీన్ పరీక్ష చేయించమన్నారు. మళ్ళీ సూది గుచ్చుతారేమోనని అమ్మ అన్నం కూడా తినడం లేదు. నాకూ టెన్షన్‌గా ఉంది. ఈ ఫిష్ తప్పదా?

జవాబు (ఒంగోలు, ల్యాబ్ టెక్నీషియన్):
అమ్మగారికి ముందు ధైర్యం చెప్పండి. తీసిన ముక్కను చెడిపోకుండా ఫార్మలిన్ అనే ద్రవంలో ఉంచి, తర్వాత మైనంలో బ్లాక్‌గా చేసి దాస్తారు. అందులో కణాలు సరిపడా మిగిలి ఉంటే ఫిష్‌కు అదే చాలు, మళ్ళీ సూది అక్కర్లేదు.

ఫిష్ మాత్రం మానొద్దు. ముక్కకు రంగు వేసి హెర్2 ప్రోటీన్ ఎంత ఉందో చూస్తారు: 0, 1+ అయితే నెగటివ్, 3+ అయితే పాజిటివ్. 2+ అంటే రంగు చూసి తేల్చలేమని అర్థం, ల్యాబ్ తప్పు చేసిందని కాదు. ఫిష్‌లో జీన్‌నే లెక్కపెడతారు. హెర్2 జీన్ ఒక రంగు చుక్కగా, 17వ క్రోమోజోమ్ ఇంకో రంగు చుక్కగా వెలుగుతాయి. కనీసం 20 కణాల్లో లెక్కిస్తారు. 17వ క్రోమోజోమ్ చుక్కలతో హెర్2 చుక్కల నిష్పత్తి 2 లేదా పైన ఉండి, కణానికి సగటున 4 హెర్2 చుక్కలైనా ఉంటే పాజిటివ్. అప్పుడు హెర్2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ లాంటి మందు ఇస్తారు. గుండె మీద ప్రభావం చూపగల ఖరీదైన మందు అది. ఊహ మీద మొదలుపెట్టకూడదు, అవసరమైన వాళ్లకు ఆపకూడదు.

ప్రశ్న (కావలి):
అన్నా, మాకు స్లైడ్లే ఇచ్చారు. అవి చాలవా?

జవాబు (నెల్లూరు, పాథాలజీ పీజీ విద్యార్థిని):
రంగు వేసిన స్లైడ్లతో సాధారణంగా కుదరదండీ, బ్లాకే అడగండి. ఒక కాగితం రాసిస్తే ల్యాబ్ వాళ్లు ఇస్తారు. బ్లాక్ మీది నంబరు, రిపోర్టులోని నంబరు ఒకటేనా అని అక్కడే సరిచూసుకోండి, రిపోర్టు కాపీ జతచేయండి. ముక్క ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటల లోపు ఉండాలి. ఎన్ని గంటలు ఉంచారో రిపోర్టులో లేకపోతే అడిగి రాయించుకోండి.

ఇంకో మాట. మన ఎండల్లో బ్లాక్‌ను బండి డిక్కీలో, ఆపిన కారులో పెట్టొద్దు. ఆ మైనం 56 నుంచి 60 డిగ్రీలకే కరుగుతుంది. చేతి సంచిలో పెట్టుకుని వెళ్లండి.

ప్రశ్న (కావలి):
రేపు పొద్దున్నే వెళ్లి అడుగుతాను. సూది లేకపోవచ్చని చెప్పగానే అమ్మ కాస్త పెరుగన్నం తినింది.