కోఠి రెసిడెన్సీ శ్వేతభవనానికి నకలేనా?

ప్రశ్న: హైదరాబాదు కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ భవనం అమెరికా శ్వేతభవనానికి నకలని చాలామంది చెబుతుంటారు. అది ఎంతవరకు నిజం? ఒక దొర నివాసంగా కట్టిన ఇల్లు మహిళా కళాశాలకు ఎలా సరిపోయిందో కూడా తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1: నకలనడానికి తేదీలు అడ్డం వస్తాయి. నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధి, అంటే రెసిడెంటు, అయిన జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ ఈ భవనాన్ని 1803లో మొదలుపెట్టగా, శ్వేతభవనానికి నేడు గుర్తుగా నిలిచిన స్తంభాల మంటపాలు దక్షిణాన 1824లోను, ఉత్తరాన 1829–30లోను వచ్చాయి. రెండు భవనాలూ 16వ శతాబ్దపు ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో బాణీనే అనుసరించాయి కాబట్టి పోలిక కనిపిస్తుంది. ఎత్తైన మెట్ల వరుస, దానికి ఇరుపక్కలా రాతి సింహాలు, ఆ పైన తలభాగంలో ఆకుల చెక్కడాలున్న కొరింథియన్ స్తంభాలు చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది. నక్షా గీసినవాడు శామ్యూల్ రస్సెల్, డబ్బు మాత్రం నిజాముది. పెద్ద కాగితం మీద గీసిన నక్షాను నిజాం తిరస్కరించాడనీ, దాన్నే చిన్న కార్డు మీద గీసి చూపితే ఒప్పుకున్నాడనీ ఒక కథ ఉంది. కోఠి అనే పేరు కూడా ఈ ఇంటి వల్ల వచ్చిందే. ఉర్దూలో ఆ మాటకు పెద్ద బంగళా అని అర్థం.

జవాబు 2: ఇది పేరుకే నివాసం, నిజానికి కచేరీ, అంటే కార్యాలయం కూడా. నడుమ రెండంతస్తుల ఎత్తున దర్బారు హాలు, చుట్టూ పెద్ద గదులు ఉండటంతో 1924లో ఏర్పడిన మహిళా కళాశాల 1949లో ఇక్కడికి వచ్చినప్పుడు తరగతులకు చోటు వెతుక్కోవలసిన పని లేకపోయింది. అయితే వాడకం వేరు, సంరక్షణ వేరు. కాగితపు గుజ్జుతో చేసిన పైకప్పు అలంకరణ ఉన్న భవనానికి కారే వాననీరే పెద్ద శత్రువు. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ తోడ్పాటుతో సాగిన మరమ్మతుల తరువాత 2023లో భవనాన్ని మళ్లీ తెరిచారు. అంతకు ముందు ఏడాదే ఆ కళాశాల విశ్వవిద్యాలయమైంది.

జవాబు 3: 1857 జులైలో తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దాడి చేసింది కూడా ఈ రెసిడెన్సీ మీదనే. ఇక కిర్క్‌పాట్రిక్ భార్య ఖైరున్నీసా కోసం కట్టిన అంతఃపురం రంగమహల్‌ను 1860 ప్రాంతంలో కూల్చివేశారు. పరదా వల్ల ఆమె ప్రధాన భవనం ముఖభాగం చూడలేకపోయేదనీ, అందుకే తోటలో దాని చిన్న నమూనా కట్టించాడనీ అంటారు. ఆ తోట పక్కనుంచే 1949 తరువాత అమ్మాయిలు సింహాల మధ్య మెట్లెక్కి తరగతులకు వెళ్లారు.