ఎండాకాలంల ల్యాప్‌టాప్ ఫ్యాన్ మోత: మీ దగ్గర ఎట్లుంది?

హన్మకొండ_పోరడు:
అన్నలూ, బ్రౌజర్ల నాలుగు ట్యాబులు తెరిస్తే చాలు, ఫ్యాన్ పిండిగిర్నీ లెక్క మోగుతున్నది. మధ్యాహ్నం హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో అనే, వేడి చూపే సాఫ్ట్‌వేర్‌ల చూస్తే ప్రాసెసర్ 96 డిగ్రీలు. గదిల కూలరే, ఏసీ లేదు. ఖరాబైందా, ఎండకేనా?

కాజీపేట_జంక్షన్:
సగం ఎండదే తమ్మీ. నీ ల్యాప్‌టాప్ మాన్యువల్ చూడు, చాలావాటికి వాడే చోట 35 డిగ్రీలు దాటొద్దని ఉంటది. మే నెలల మన ఇండ్లల్ల అది అయ్యే పనా? గది పది డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా దాదాపు అంతే ఎక్కుతది. ఇంటెల్ చిప్పులు చాలామట్టుకు 100 దగ్గర స్పీడు తగ్గించుకుంటయి. కాలిపోవు, మెల్లగైతయి. మోతకు భయపడకు, మోత లేకుండ వేడెక్కితే భయపడు.

గోదావరిఖని_క్వార్టర్స్:
మాకు బొగ్గు దుమ్ము బాధ. పైనుంచి చూస్తే రెక్కలు శుభ్రంగనే ఉంటయి. అసలు అడ్డం ఫ్యాన్‌కు, వేడిని మోసే రాగి పైపు చివరి సన్న రేకులకు నడుమ ఉంటది, అక్కడ దుమ్ము అట్టకడుతది. అడుగు మూత విప్పితేగానీ దొరకది. బ్లోయర్ కొట్టేటప్పుడు రెక్కలను పుల్లతో ఆపి పట్టుకో, లేకుంటే గిర్రున తిరిగి బేరింగ్ పోతది. పాత మిషనైతే చిప్ మీద పూసే థర్మల్ పేస్ట్ కూడా ఎండిపోయి ఉంటది, అదే చేతితో మార్పించు. నాకు పది డిగ్రీలకు పైనే దిగింది.

జమ్మికుంట_అక్క:
ఇక్కడ పత్తి నూగు, అదీ గంతే. విప్పుడు రానోళ్లు ముందుగాల ఇది చెయ్యుండ్రి: విండోస్ పవర్ ఆప్షన్స్‌ల మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 నుంచి 99కి దించుండ్రి. టర్బో, అంటే చిప్ తనంతట తను స్పీడు పెంచుకునుడు, ఆగుతది, పైసా ఖర్చు లేదు. కొన్ని కొత్తవాటిల ఆ ఆప్షన్ కనబడది. పరుపు మీద పెట్టుకునుడు మాత్రం బంద్ జెయ్యి, గాలి గుంజే సందులు కిందనే ఉంటయి.

హన్మకొండ_పోరడు:
ల్యాప్‌టాప్ కింద పెట్టే ఫ్యాన్ల కూలింగ్ ప్యాడ్ కొనాల్నా అక్కా?

జమ్మికుంట_అక్క:
వెనుక అంచు కింద పుస్తకం పెట్టి చూడు ముందు. లోపల దుమ్ము ఉంటే ప్యాడ్ ఏం జేస్తది?

కాజీపేట_జంక్షన్:
కూలర్ ఎదురుంగ మాత్రం పెట్టకు, గడ్డి కొత్తగ మార్చినప్పుడు తుంపర పడుతది. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుంటే అది ఫ్యాన్ ముచ్చట కాదు, బ్యాటరీ ఉబ్బింది. చార్జింగ్ తీసేసి షాపుకు తీస్కపో.

హన్మకొండ_పోరడు:
టచ్‌ప్యాడ్ బాగనే ఉంది. 99 పెట్టిన, 80 లోపలికి దిగింది. మూత విప్పుడు ఆదివారం.