బీడీఎస్ తర్వాత పాపులేషన్ హెల్త్ రీసెర్చ్‌లో మాస్టర్స్, వచ్చే నెల జాయినింగ్, ఈలోపు ఏం నేర్చుకోవాలి?

ఉప్పల్_డెంటిస్ట్:

అందరికీ నమస్తే. బీడీఎస్ అయ్యాక మూడేళ్ళుగా ఉప్పల్ దగ్గర ఒక క్లినిక్‌లో చేస్తున్నాను. వచ్చే నెల నుంచి సిటీలోనే క్లినికల్ అండ్ పాపులేషన్ హెల్త్ రీసెర్చ్‌లో మాస్టర్స్ మొదలవుతోంది, ఫీజు కట్టేశాను, క్లినిక్‌లో కూడా మానేస్తున్నట్టు చెప్పేశాను.

ఎందుకు వెళ్తున్నానో కూడా చెప్తా, అది తెలిస్తే సలహా ఇవ్వడం తేలిక. మా దగ్గరికి గుట్కా, వక్కపొడి నమిలి నమిలి దవడ బిగుసుకుపోయినవాళ్ళు వస్తారు. నోరు తెరిస్తే మామూలుగా మన మూడు వేళ్ళు నిలువుగా పట్టాలి, వీళ్ళకి రెండు కూడా పట్టవు. పోయిన ఎండాకాలం ఒక ఆటో అన్న వచ్చాడు, ముప్ఫై కూడా దాటి ఉండవు, అన్నం చిన్న ముద్ద చేసుకుని పక్కనుంచి లోపలికి తోసుకుంటున్నా మేడం అన్నాడు. ఎన్నాళ్ళ నుంచి అంటే నాలుగేళ్ళు అన్నాడు. నాలుగేళ్ళు ఎవరికీ చూపించుకోలేదు! ఇలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారు, ఇంత లేటుగా ఎందుకొస్తున్నారు అన్నది అప్పట్నుంచి నన్ను వదలట్లేదు. కుర్చీలో కూర్చున్న మనిషికి నేను చేయగలిగింది చేస్తాను కానీ ఈ ప్రశ్నకి అక్కడ జవాబు దొరకట్లేదు.

భయం ఏంటంటే ఇంటర్ బైపీసీ కాబట్టి లెక్కలు పదో తరగతితోనే వదిలేశా. సిలబస్ చూస్తే ఎపిడెమియాలజీ (జబ్బులు ఎవరికి, ఎంతమందికి, ఎందుకు వస్తాయో చూసే చదువు), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య డేటా లెక్కలు), స్టడీ డిజైన్, ఆర్ సాఫ్ట్‌వేర్ (ఆ లెక్కలు కంప్యూటర్‌లో చేసేది). పైగా అమ్మ "డాక్టర్ చదువు చదివి ఇంటింటికీ తిరిగి సర్వేలు రాసుకుంటావా" అని రోజూ బాధపడుతోంది. ఈ నెల రోజుల్లో ఏం చదవమంటారు?

తార్నాక_స్కాలర్:

మేడం, నేను ఇదే లైన్‌లో పీహెచ్‌డీ నాలుగో ఏడు. ముందు లెక్కల సంగతి. పదో తరగతి లోపే చదువుకున్న లవం, హారం గుర్తున్నాయి కదా, మొదటి సెమిస్టర్ చాలావరకు వాటి మీదే నడుస్తుంది. మీ ఆటో అతను లవంలో ఉన్నాడు. మీ క్లినిక్‌కి ఏడాదికి అలాంటివాళ్ళు అరవై మంది వచ్చారనుకోండి, అరవై బై ఎంత? ఉప్పల్‌లో గుట్కా నమిలే వాళ్ళందరా, నమిలి మానేసినవాళ్ళు కూడానా, ఒక్క ఆటోవాళ్ళేనా? క్లినిక్‌లో కూర్చున్నంతకాలం మనకి లవమే కనిపిస్తుంది, హారం బయట బస్తీలో ఉంటుంది. ఇంకోటి, మీ దాకా వచ్చినవాళ్ళు బాధ ఓర్చుకోలేకో, చేతిలో నాలుగు డబ్బులు ఆడో వచ్చినవాళ్ళు. రానివాళ్ళు ఎందుకు రాలేదో వచ్చినవాళ్ళని అడిగితే ఎప్పటికీ తెలీదు.

మీ సబ్జెక్టులోనే ఒక స్టడీ ఉంది, నెల రోజులు దాంతో గడిపినా నష్టం లేదు. తిరువనంతపురంలో 1996లో మొదలైంది, నోటి క్యాన్సర్ స్క్రీనింగ్ మీద. 13 పంచాయతీలు తీసుకుని చీట్లు తీసినట్టు 7 పంచాయతీల్లో స్క్రీనింగ్, మిగతా 6 పంచాయతీల్లో మామూలుగా అందే వైద్యం. చూసింది డాక్టర్లు కాదు, ట్రైనింగ్ ఇచ్చిన హెల్త్ వర్కర్లు ఇళ్ళకెళ్ళి నోట్లో చూసి అనుమానం ఉన్నవాళ్ళని డాక్టర్ దగ్గరికి పంపేవాళ్ళు. 2005లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చిన రిజల్ట్ ప్రకారం పొగాకో మద్యమో అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ చావులు 34 శాతం తగ్గాయి, కానీ అందర్నీ కలిపి చూస్తే తగ్గిందని గట్టిగా చెప్పేంత తేడా రాలేదు. ఈ రెండు మాటలూ ఒకే పేపర్‌లో ఎందుకు రాయాల్సొచ్చిందో అమ్మగారికి తెలుగులో విడమర్చి చెప్పడానికి ప్రయత్నించండి, ఎక్కడ ఆగిపోయారో అదే మీరు చదవాల్సింది.

మన చుట్టుపక్కల ఊళ్ళలో జరిగింది కూడా ఒకటుంది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గర 29 ఊళ్ళలో, కొన్ని ఊళ్ళలో గర్భిణులకి, చిన్నపిల్లలకి అంగన్‌వాడీ ద్వారా అదనంగా తిండి అందింది, మిగతా ఊళ్ళలో అప్పటికింకా అందలేదు. ఆ పిల్లలు టీనేజ్‌కి వచ్చాక మళ్ళీ వెతికి పట్టుకుని కొలిస్తే తిండి అందిన ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగున్నారు, ఇన్సులిన్ రెసిస్టెన్స్ (ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడం) తక్కువ, రక్తనాళాల బిరుసు తక్కువ. కడుపులో ఉన్నప్పుడు తల్లి తిన్న తిండి పదిహేనేళ్ళకి పిల్లాడి రక్తనాళంలో కనిపిస్తోందంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఆ పిల్లల్ని ఆ తర్వాత కూడా ఫాలో అయ్యారు. పది పుస్తకాలు కొనకండి, ఈ రెండు పేపర్లు మెథడ్స్ (స్టడీ ఎలా చేశారో రాసే భాగం) దగ్గర మొదలుపెట్టి మూడుసార్లు చదవండి చాలు.

బస్తీ_ఫీల్డ్_సూపర్‌వైజర్:

డాక్టరమ్మా, నేను పదకొండేండ్ల సంది హెల్త్ సర్వేలల్ల పని చేస్తున్న. మీ అమ్మగారి మాట చదివి రాయకుంట ఉండలేకపోయిన. ఇంటింటికి తిరుగుడు చిన్న పని కాదమ్మా, పైన కూసున్నోళ్ళు చేసే లెక్కంత ఆ గడప కాడ్నే నిలబడ్తది.

తాళం ఏసిన ఇల్లు ఉంటది. కొత్తోళ్ళకు పక్కింట్ల ఫారం నింపుకోని పోదామనిపిస్తది. అట్ల అస్సలు చెయ్యొద్దు. పగటీలి ఇంటికాడ దొరికేది ముసలోళ్ళు, పసిపిల్లల తల్లులు. తాళం ఉన్నదంటే ఆ ఇంట్లోళ్ళు కూలికి పోయిన్రు, ఆటో నడుపుతున్రు, అపార్ట్‌మెంట్లల్ల పాచిపనికి పోయిన్రు. తాళాలన్ని ఇడిచిపెడితే ఆ బస్తీల పని చేసెటోళ్ళే లేరన్నట్టు లెక్క వస్తది. మీరు ఎతుకుతున్న ఆ ఆటో అన్న ఉండేది గా తాళం ఏసిన ఇంట్లనే. మేము మూడుసార్లు పోతం, ఒకసారి పొద్దుగాల ఆరున్నరకు, ఒకసారి రాత్రి ఏడు దాటినంక, ఒకసారి ఆదివారం.

వయసు అడిగితే నలభై, యాభై, అరవై అని చెప్తరు, అన్ని సున్నలే. ఆధార్ చూస్తే పెద్దోళ్ళల్ల శానమందికి పుట్టినరోజు జనవరి 1. అందుకే మేము ముచ్చట పెడ్తం, ఎన్టీఆర్ మొదటిసారి సీఎం అయినప్పుడు (1983) నువ్వు బడికి పోతున్నవా అమ్మా, 2004ల కృష్ణ పుష్కరాలప్పుడు నీ పెద్ద కొడుకు ఎంతున్నడు అని. అట్ల అడిగితే రెండేండ్లు అటిటుగ అసలు వయసు దొరుకుతది.

ఒక ప్రాజెక్టుల కొత్త పిల్లగాడు తెచ్చిన బీపీ ఫారాలు చూస్తుంటె 120/80, 130/80, 140/90, డెబ్బై ఫారాలల్ల ఒక్క నంబరన్న 7తోటి గాని 3తోటి గాని ఆగలే. మిషన్ అట్ల చూపియ్యది కద. పక్కకు పిలిచి అడిగితే, అయిదు నిమిషాలు కూసోబెట్టి రెండుమూడు సార్లు చూసే టైం లేక అందాజగ రాసిన అన్న అని ఏడ్చిండు. రోజుకు ఇన్ని ఫారాలు కావాలె అని మీదికెళ్ళి ఒత్తిడి పెట్టింది మేమే, ఆని ఒక్కని తప్పు కాదు. డెబ్బై ఇండ్లకు మళ్ళ పోయినం. మీరు రేపు గైడ్ అయినంక టార్గెట్ పెట్టేటప్పుడు ఇది యాదికుంచుకోండ్రి.

ఇంకొక్కటి చెప్పాలె. మన ఖమ్మం జిల్లాల 2009ల హెచ్‌పీవీ టీకా (గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ రాకుండ ఇచ్చేది) ప్రాజెక్టు జరిగింది, హాస్టల్ ఆడపిల్లలకు కన్సెంట్ ఫారాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టిన్రని బయటపడి 2010 ఏప్రిల్‌ల ఆపేసిన్రు, పార్లమెంటు కమిటీ దాక పోయింది. ఫారం చదివి వినిపించి వేలిముద్ర ఏయించుకునుడు కన్సెంట్ కాదు. చదివినంక "నీకేం అర్థమైందో నాకు చెప్పు అక్కా" అని అడుగుండ్రి. వద్దు అంటె దండం పెట్టి రాండ్రి.

డేటా_గది:

నేను స్టాట్స్ వైపు నుంచి. పైన సూపర్‌వైజర్ అన్న రాసినదంతా నాకు ఎక్సెల్‌లో కనిపిస్తుంది, మనిషి కనపడడు అంతే తేడా.

ఉద్యోగంలో మొదటి ఏడాది, రోజుకి ఎన్ని బీడీలు కాలుస్తారో సగటు తీస్తే ముప్ఫై దాకా వచ్చింది. రిపోర్ట్ రాసేశాను కూడా. "తెలీదు" అన్నవాళ్ళకి కోడ్ 99 పెట్టారని ఫారం కింద చిన్న అక్షరాల్లో ఉంది, నేను చూడలేదు, ఆ 99లన్నీ బీడీలైపోయాయి. సీనియర్ మేడం పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి ప్రతి కాలమ్‌కీ కనిష్ఠం, గరిష్ఠం, ఖాళీలు ఎన్ని అని చూడకుండా ఒక్క సగటు కూడా తీయను. ఖాళీ వేరు, సున్నా వేరు, "చెప్పను" వేరు, "తెలీదు" వేరు. మీకు క్లినిక్ అనుభవం ఉంది కాబట్టి, 4 రాయాల్సిన చోట 40 పడితే నోరు 40 సెంటీమీటర్లు తెరుచుకోదని మీకు తట్టినంత తొందరగా మాకు తట్టదు, అది చాలా పెద్ద బలం అండీ.

పంచాయతీలకి చీట్లు తీశారని స్కాలర్ గారు రాశారు కదా, మనుషులకి ఎందుకు తీయలేదు అనేది మొదటి టర్మ్‌లో కచ్చితంగా వస్తుంది. ఒకే వీధిలో ఒకింటికి స్క్రీనింగ్ చేసి పక్కింటికి చేయకపోతే ఆ మాట ఈ మాట కలిసిపోతుంది, పక్కింటాయన కూడా వెళ్ళి చూపించుకుంటాడు. కానీ దానికి ఖరీదు ఉంది. ఒకే బస్తీవాళ్ళు ఒకే పాన్‌డబ్బాలో కొంటారు, ఒకే డాక్టర్ దగ్గరికెళ్తారు, కాబట్టి ఒకే బస్తీలో వెయ్యి మందిని అడిగినా యాభై బస్తీల్లో ఇరవయ్యేసి మందిని అడిగినంత సమాచారం రాదు. డిజైన్ ఎఫెక్ట్ అంటే ఇదే, ఫార్ములా తర్వాత చూసుకోవచ్చు. ఆర్ ఫ్రీ, ఇవాళే ఇన్‌స్టాల్ చేసుకుని చిన్న డేటా ఒకటి తెరిచి రోజుకి అరగంట గెలకండి.

ఫిజియో_నాచారం:

నేను బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) నుంచి ఇలాగే వచ్చా. డబ్బు సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా. మొదటి ఏడు జీతం లేకపోవడం ఇంట్లో బాగా తెలుస్తుంది, వీలైతే శని, ఆదివారాలు క్లినిక్ ఉంచుకోండి, డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మాత్రం లాప్స్ అవ్వనివ్వకండి. తర్వాత పీహెచ్‌డీ ఆలోచన ఉంటే జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్ళకి స్టైపెండ్ ఇచ్చే ఫెలోషిప్) పరీక్షకి రెండో ఏడులోనే చదవడం మొదలుపెట్టండి, జేఆర్ఎఫ్ స్టైపెండ్ 2023 నుంచి నెలకి 37,000 అయింది.

ఉప్పల్_డెంటిస్ట్:

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. రాత్రి అమ్మని కూర్చోబెట్టి తిరువనంతపురం స్టడీ చెప్పాను, "అలవాటు లేనివాళ్ళ నోట్లో ఎంత చూసినా ఏం దొరుకుతుందే, వాళ్ళని కూడా కలిపేస్తే తేడా పలచబడదా" అంది. నేను అరగంట నుంచి చెప్పడానికి తంటాలు పడుతున్నది అదే. తాళం వేసిన ఇల్లు అని సూపర్‌వైజర్ అన్న రాసింది కూడా చదివి వినిపించాను. ఏమీ అనలేదు, కాసేపాగి ఆ ఆటో అబ్బాయి మళ్ళీ వచ్చాడా అని అడిగింది. రాలేదు. రిజిస్టర్ తీసి చూశాను, రెండో సిట్టింగ్ దగ్గర ఖాళీ ఉంది.

అన్నా, జాయినింగ్‌కి ముందు ఒక రోజు మీ టీమ్‌తో ఫీల్డ్‌కి రావచ్చా?

బస్తీ_ఫీల్డ్_సూపర్‌వైజర్:

రాండ్రి అమ్మా, మా పీఐ మేడంను (ప్రాజెక్టు నడిపే పెద్ద మేడం) అడిగి చెప్తా. ఈ ఆదివారం ఇంకా ఇండ్ల లిస్టు రాసే పనే ఉంది, ఎవ్వరి ఆరోగ్యం ముచ్చట అడిగేది లేదు కాబట్టి ఒప్పుకుంటరనుకుంట. ఫోటోలు తియ్యొద్దు, పేర్లు రాసుకోవద్దు. పొద్దుగాల ఆరింటికల్ల ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ ఉండుండ్రి, నీళ్ళ బాటిల్ తెచ్చుకోండ్రి, మెట్లు శాన ఎక్కాలె, మంచి షూ ఏసుకోండ్రి.