బీఎస్సీ నర్సింగ్‌లో చేరే ముందు కళాశాల గురించి ఏమేమి విచారించాలి?

ప్రశ్న (ఉప్పల్ నుంచి ఒక తండ్రి):

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలోనే చదివింది. మా అత్తగారు గాంధీ ఆసుపత్రిలో పద్దెనిమిది రోజులు ఉన్నప్పుడు ఆమె పక్కనే ఉండి, అక్కడి సిస్టర్ల పని చూసి, తానూ నర్సింగే చదువుతానని పట్టుబట్టింది. నేను ఆర్టీసీలో కండక్టర్‌గా పనిచేస్తున్నాను. ఈ చదువు గురించి చెప్పగలవారు మా ఇంట్లో ఎవరూ లేరు.

ఈ మధ్య ఒక వ్యక్తి మా బస్తీకి వచ్చి, ఎంసెట్ ర్యాంకు అవసరం లేకుండా వేరే రాష్ట్రంలోని కళాశాలలో నాలుగేళ్ల డిగ్రీ సీటు ఇప్పిస్తాననీ, పరీక్షలకు వెళ్తే చాలుననీ, హాజరు సంగతి తాము చూసుకుంటామనీ చెప్పాడు. పదో తరగతి, ఇంటర్ ఒరిజినల్ మెమోలు ముందుగానే ఇవ్వమంటున్నాడు. ఇది నమ్మదగినదేనా? డిగ్రీ మేలా, మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా జీఎన్‌ఎం మేలా? తెలుగు మాధ్యమం పిల్ల ఈ చదువును నెగ్గుకురాగలదా? దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1 (నర్సింగ్ కళాశాల అధ్యాపకురాలు):

అయ్యా, ముందుగా ఒక్క మాట. ఒరిజినల్ మెమోలు ఆ వ్యక్తి చేతికి ఇవ్వకండి. ఒకసారి అవి అటు వెళ్లాక, సీటు వద్దనుకున్నా తిరిగి తెచ్చుకోవడానికి డబ్బు కట్టవలసి వచ్చిన కుటుంబాలను నేను స్వయంగా చూశాను. హాజరు తాము చూసుకుంటామన్న మాట ఒక్కటి చాలు, ఆ వ్యవహారం ఎలాంటిదో తెలియడానికి. భారత నర్సింగ్ మండలి నిబంధనల ప్రకారం పరీక్షకు కూర్చోవాలంటే ప్రతి సబ్జెక్టులో, థియరీలోనూ ప్రాక్టికల్స్‌లోనూ విడివిడిగా 80 శాతం హాజరు ఉండాలి. డిగ్రీ చేతికి వచ్చేలోపు వార్డుల్లో చేయవలసిన ప్రాక్టికల్ గంటలు నూటికి నూరు శాతం పూర్తికావాలి. వార్డు ముఖం చూడకుండా కాగితం మీద పూర్తిచేసిన గంటలతో రేపు ఆ అమ్మాయి ఒక మనిషికి సూది ఎలా వేస్తుంది?

మన రాష్ట్రంలో కన్వీనర్ కోటా సీట్లను వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం భర్తీ చేస్తుంది. ఇటీవలి సంవత్సరాలలో దానికి ఈఏపీసెట్ ర్యాంకునే ఆధారం చేసుకుంటున్నారు (మనందరం ఇంకా ఎంసెట్ అనే అంటున్నాం లెండి). వైద్య సీట్లు నీట్‌కు వెళ్లిపోయాయి కాబట్టి ఆ పరీక్షతో తమకు పనిలేదనుకుని చాలామంది బైపీసీ పిల్లలు దరఖాస్తే చేయరు. ఆ పొరపాటు మీరు చేయవద్దు. ప్రశ్నలు 160. వాటిలో 80 వృక్ష, జంతు శాస్త్రాలవి, 40 భౌతికశాస్త్రం, 40 రసాయనశాస్త్రం. తప్పు సమాధానానికి మార్కు కోయరు, ప్రశ్నలు తెలుగులోనూ ఉంటాయి. ప్రవేశం పొందే సంవత్సరం డిసెంబరు 31 నాటికి అమ్మాయికి 17 ఏళ్లు నిండి ఉండాలి. పరీక్ష ఫలితాలు వచ్చిన వెంటనే నర్సింగ్ నోటిఫికేషన్ రాదు, కొన్ని నెలలు ఆగవలసి ఉంటుంది. సరిగ్గా ఆ నెలల్లోనే దళారులు ఇళ్ల చుట్టూ తిరుగుతారు. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి తన నర్సింగ్ కళాశాలకు వేరుగా దరఖాస్తులు పిలుస్తుంది కనుక దాని ప్రకటనను విడిగా గమనించుకోవాలి.

కళాశాలను ఎంచుకునేటప్పుడు భవనాన్నీ బస్సులనూ చూడకండి, ఆసుపత్రిని చూడండి. బీఎస్సీ నర్సింగ్ నడిపే సంస్థకు కనీసం 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలనీ, ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగుల చొప్పున ఉండాలనీ మండలి నియమం. ఉదయం పది గంటల వేళ మీరే వెళ్లి, ఓపీ దగ్గర కూర్చుని, ఎంతమంది వస్తున్నారో, వార్డుల్లో ఎన్ని మంచాలు నిండి ఉన్నాయో చూసి రండి. ఖాళీ మంచాల మధ్య నాలుగేళ్లు గడిపినవారికి ఎన్ని మార్కులు వచ్చినా, మొదటి ఉద్యోగంలో చేతులు వణుకుతాయి.

సమాధానం 2 (మూడో సెమిస్టర్ విద్యార్థిని):

అంకుల్, నేనూ పదో తరగతి వరకు తెలుగు మాధ్యమమే. మొదటి సెమిస్టర్‌లో శరీర నిర్మాణ శాస్త్రం పుస్తకం తెరిస్తే ఒక పేజీ చదవడానికి గంటన్నర పట్టేది. ప్రతి పదాన్నీ తెలుగులోకి మార్చుకుని నేర్చుకోవాలనుకోవడమే నేను చేసిన తప్పు. ఎముక పేరును ఉన్నది ఉన్నట్టుగా పలికి, నా చెయ్యి మీదే వేలుపెట్టి చూపించుకుంటూ చదవడం మొదలుపెట్టాక దారిలో పడ్డాను. పరీక్షలు ఇంగ్లీషులోనే రాయాలి. ఉత్తీర్ణతకు ఇంగ్లీషులోనూ, మనం ఎంచుకునే ఎలెక్టివ్ సబ్జెక్టుల్లోనూ 40 శాతం చాలు, మిగిలినవాటిలో 50 శాతం రావాలి. వార్డులోకి వెళ్లాక మాత్రం తెలుగే నన్ను ఆదుకుంది. నల్గొండ నుంచి వచ్చిన పెద్దమ్మకు నొప్పి ఎక్కడుందో, ఎట్లా ఉందో అడగాలంటే పుస్తకంలోని ఇంగ్లీషు పనికిరాదు కదా.

ఒక చిన్న సంగతి చెబుతాను. మొదటిసారి వార్డు డ్యూటీలో ఒక తాతగారి శ్వాస లెక్కించి, నిమిషానికి 28 అని రాశాను. హెడ్ నర్స్ కేస్ షీట్ చూసి, ఏమని చెప్పి లెక్కపెట్టావని అడిగారు. "తాతా, నీ ఊపిరి లెక్కపెడతాను" అన్నానని చెప్పాను. ఆమె నవ్వి, నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, నాడి చూస్తున్నట్టుగా ఆయన మణికట్టు పట్టుకుని, ఆయనతో మాట్లాడకుండా, కళ్లు మాత్రం ఛాతీ మీద ఉంచి పూర్తి నిమిషం లెక్కించారు. 18 వచ్చింది. లెక్కపెడుతున్నారని తెలిస్తే ఎవరైనా ఊపిరిని తమకు తెలియకుండానే మార్చేస్తారట. ఈ విషయం మా పుస్తకంలోనూ ఉంది. నేను చదివాను కూడా. అయినా ఆ రోజు వరకు నాకు తెలియనట్టే లెక్క.

సమాధానం 3 (ప్రభుత్వ ఆసుపత్రి నర్సింగ్ ఆఫీసర్):

నేను జీఎన్‌ఎం చేసి, కొన్నాళ్లు ఉద్యోగం చేసి, తరువాత జీఎన్‌ఎం వారి కోసం ఉన్న రెండేళ్ల డిగ్రీ పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదివినదాన్ని. జీఎన్‌ఎం తక్కువ చదువని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మంచం పక్కన నిలబడినప్పుడు ఎవరిది ఏ చదువో రోగికి తెలియదు. అయితే మూడేళ్లు, ఆపైన రెండేళ్లు కలిపితే అయిదేళ్లకు గాని డిగ్రీ రాదు, అదే నేరుగా చదివితే నాలుగేళ్లే. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్ష నార్సెట్‌ను బీఎస్సీ వారు నర్సింగ్ కౌన్సిల్‌లో నర్సుగా నమోదు కాగానే రాయవచ్చు. జీఎన్‌ఎం వారికి మాత్రం కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం అడుగుతారు. ర్యాంకు వస్తే డిగ్రీకే వెళ్లమంటాను.

ఇంట్లోవారు ముందే సిద్ధపడవలసినది చివరి సెమిస్టర్. 22 వారాల ఇంటర్న్‌షిప్, వారానికి 48 గంటల డ్యూటీ, అందులో రాత్రి డ్యూటీలు కూడా ఉంటాయి. మా ఇంట్లో పగలు పడుకుంటే చుట్టాలు బద్ధకమనేవారు. తరువాత విదేశాలకు వెళ్లాలనుకుంటే, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్, జపనీస్ భాషలు నేర్పించి పంపిస్తోంది కాబట్టి అప్పుడూ దళారుల గడప తొక్కనక్కరలేదు.

ప్రశ్న అడిగినవారి జవాబు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆ వ్యక్తికి ఫోన్ చేసి, మీ కళాశాల ఆసుపత్రిలో ఎన్ని పడకలున్నాయని అడిగాను. "ఆసుపత్రి ఎందుకు సార్, మీకు కావలసింది సర్టిఫికెట్టే కదా" అన్నాడు. మెమోలు బీరువాలోనే ఉన్నాయి. అమ్మాయి ఎంసెట్‌కు దరఖాస్తు పెట్టింది. ఇప్పుడు ఇంకొక చిక్కు వచ్చింది. ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు కావాలంటున్నారు కదా, ఆమె ఆరు, ఏడు చదివిన బడి మూతపడి పక్క ఊరి బడిలో కలిసిపోయింది. ఎవరిని అడగాలి?

సమాధానం 1 రాసిన అధ్యాపకురాలు:

పాత బడి అడ్మిషన్ రిజిస్టరు కలిపిన బడికి చేరి ఉండవచ్చు కనుక ముందు అక్కడి ప్రధానోపాధ్యాయులను కలవండి. అక్కడ లేకపోతే మండల విద్యాధికారి కార్యాలయంలో అడగండి. అదే పనిలో మీసేవలో ఆదాయ ధ్రువపత్రానికి కూడా దరఖాస్తు చేయండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అది కావాలి. నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తితే సమయం చాలదు.