పూడిన దిగుడుబావిని రాడార్ చూపగలదా?

అనంతపురం రైతు: మా తాతగారు 1972లో పూడ్పించిన దిగుడుబావి వేరుశనగ చేనులో ఎక్కడుందో చెప్పేవారు మిగలలేదు. ఎర్రనేల, అడుగున రాయి. ట్రాక్టరు దిగబడుతుందేమోనని భయం. నేలలోకి రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చే వాటితో లోపలేముందో చూపే భూగర్భ రాడార్‌తో తెలుస్తుందా?

కర్నూలు సర్వేయరు: పొడి ఎర్రనేలలో తెలిసే అవకాశం బాగా ఉంది. వేసవిలోనే చేయించండి. నంద్యాల వైపు తడిసిన నల్లరేగడిలో నేను యంత్రం లాగి చూశాను. బంకమన్ను తరంగాలను మింగేసింది, మీటరు లోతు కూడా సరిగా కనబడలేదు. 100 మెగాహెర్ట్జ్ యాంటెన్నా అడగండి. 400ది స్పష్టంగా చూపుతుంది గానీ అంత లోతుకు పోదు. రెండు మీటర్లకో వరుస లాగితే అంచు గోడలు దొరుకుతాయి.

కడప నుంచి: నీటి కోసమైతే విద్యుత్ నిరోధ పరీక్ష (నేలలోకి కరెంటు పంపి, నేల దాన్ని ఎంత అడ్డుకుంటుందో కొలవడం) మేలు.

అనంతపురం రైతు: నీటికి కాదండీ. ఆ మెట్ల మీదే మా అమ్మ బిందెతో దిగేది. దొరికితే పూడిక తీయిస్తాను.